మీ వేలు తగిలిందని ఫోన్‌కి ఎవరు చెప్తారు? ఇంటరప్ట్ కంట్రోలర్, డివైస్ ట్రీ: మొదటి నుంచి చివరి దాకా

నర్సీపట్నం నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ పేరు వింటే కొంచెం భయం వేస్తుంది: ఇంటరప్ట్ కంట్రోలర్ గురించి కెర్నల్‌కి ఎలా చెప్తారు? అందుకే ముందు ఒక పాత ఫోన్‌తో మొదలుపెడదాం.

పోకో ఎఫ్1 గుర్తుందా? 2018 ఆగస్టులో మన దేశంలో రిలీజ్ అయింది. లోపల స్నాప్‌డ్రాగన్ 845. కంపెనీ ఇచ్చిన అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 10 దగ్గర ఆగిపోయాయి. ఆగిపోయాక చాలామంది ఇళ్లలో అది బీరువా మీదకి ఎక్కేసింది. కానీ అదే ఫోన్ మీద పోస్ట్‌మార్కెట్ఓఎస్ లాంటి ప్రాజెక్టులు కొత్త లినక్స్ కెర్నల్‌ని బూట్ చేస్తున్నాయి. ఫోన్ మారలేదు, చిప్ మారలేదు. మరి ఏం మారింది? ఆ ఫోన్ లోపల ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో కొంతమంది ఓపిగ్గా ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి, లినక్స్ సోర్స్‌లో అందరికీ కనబడేలా పెట్టారు.

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఫైల్ గురించే. హార్డ్‌వేర్ బాగుంటే సరిపోదు. అది ఏంటో, ఎలా ఉందో కెర్నల్‌కి ఎవరో ఒకరు నిజం చెప్పాలి. అందులోనూ ఇంటరప్ట్‌ల గురించి చెప్పే నాలుగు లైన్లు చాలా కీలకం.

ఇంటరప్ట్ అంటే ఏంటి?

మీరు స్క్రీన్ మీద వేలు పెట్టారు. ప్రాసెసర్‌కి ఎలా తెలియాలి? ఒక పద్ధతి: ప్రాసెసర్ ఊరికే టచ్ చిప్‌ని అడుగుతూ ఉండాలి. "ఎవరైనా ముట్టుకున్నారా? ఇప్పుడు? ఇప్పుడు?" దీన్ని పోలింగ్ అంటారు. ఇలా టచ్‌ని, బటన్‌ని, వైఫైని, ఛార్జర్‌ని అన్నింటినీ అడుగుతూ కూర్చుంటే ప్రాసెసర్‌కి నిద్ర ఉండదు, మీ బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది.

రెండో పద్ధతి: పని ఉన్నవాడే పిలవాలి. టచ్ చిప్ దగ్గర నుంచి విడిగా ఒక వైరు ఉంటుంది. వేలు తగలగానే ఆ వైరు మీద వోల్టేజ్ మారుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని అక్కడికి ఆపి, "ఏంటి సంగతి" అని చూసి, మళ్లీ తన పనికి వెళ్తుంది. అదే ఇంటరప్ట్.

ఇలాంటి పిలుపులు ఒక ఫోన్‌లో వందల్లో ఉంటాయి. అన్నీ నేరుగా ప్రాసెసర్‌కి తగిలించలేం. మధ్యలో ఒక గేట్‌కీపర్ కావాలి: ఎవరు పిలిచారు, ఎవరిది ముందు, ఎనిమిది కోర్లలో ఏ కోర్‌కి పంపాలి, ఎవరి నోరు కాసేపు మూయించాలి అని చూసుకోడానికి. ఆ గేట్‌కీపరే ఇంటరప్ట్ కంట్రోలర్.

8259 చదివినవాళ్లకి

ఈసీఈ, ఈఈఈ వాళ్లు మైక్రోప్రాసెసర్స్ సబ్జెక్ట్‌లో 8259 చదివే ఉంటారు. అది ఇంటెల్ వాళ్ల ఇంటరప్ట్ కంట్రోలర్ చిప్. ఎనిమిది ఇన్‌పుట్లు, ఐఆర్0 నుంచి ఐఆర్7 దాకా. చాలకపోతే ఒకదాని కింద ఇంకోటి తగిలించొచ్చు, దాన్ని క్యాస్కేడింగ్ అంటారు. 1981 ఐబీఎం పీసీలో ఒకటే 8259 ఉండేది. 1984లో పీసీ ఏటీ వచ్చేసరికి రెండు అయ్యాయి. రెండోది మొదటిదాని ఒక ఇన్‌పుట్‌ని వాడుకుంటుంది కాబట్టి మొత్తం 15 లైన్లు.

ఆ రోజుల్లో కెర్నల్ రాసేవాడికి ఒక సుఖం ఉండేది. ఏ పీసీ అయినా టైమర్ 0వ లైను, కీబోర్డ్ 1వ లైను. ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. తర్వాత పీసీలు క్లిష్టంగా మారాక ఏసీపీఐ అనే పద్ధతి వచ్చింది. మదర్‌బోర్డ్ మీద ఉండే ఫర్మ్‌వేరే టేబుల్స్ రూపంలో "ఇంటరప్ట్ కంట్రోలర్లు ఇవి, ఇక్కడ ఉన్నాయి" అని కెర్నల్‌కి అప్పజెప్తుంది.

ఫోన్‌కి ఆ సుఖం లేదు

ఫోన్లలో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. ఆర్మ్ కంపెనీ డిజైన్ ఇస్తుంది, క్వాల్‌కామ్, మీడియాటెక్, శాంసంగ్ లాంటివాళ్లు చిప్ తయారుచేస్తారు, దాన్ని ఇంకో కంపెనీ తీసుకుని ఫోన్ కడుతుంది. టచ్ చిప్‌ని ఏ పిన్‌కి తగిలించాలో ఆ ఫోన్ కట్టేవాళ్ల ఇష్టం. యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెడితే అది "నేను ఫలానా" అని పేరు చెప్పుకుంటుంది. కానీ సర్క్యూట్ బోర్డ్ మీద సోల్డర్ చేసిన వైరు తన పేరు చెప్పుకోదు. కెర్నల్ ఎంత తెలివైనదైనా, ఆ వైరు ఎక్కడుందో వెతికి కనిపెట్టలేదు.

మొదట్లో దీనికి మార్గం ఏంటంటే, ఒక్కో బోర్డ్‌కి ఒక్కో సీ ఫైల్ రాసి కెర్నల్‌లోనే కలిపేసేవాళ్లు. కొత్త బోర్డ్ వస్తే కొత్త ఫైల్. ఆ గుట్ట పెరిగి పెరిగి, 2011 మార్చిలో లైనస్ టోర్వాల్డ్స్ ఆర్మ్ కోడ్ మీద బహిరంగంగానే విసుక్కున్నారు. ఆ తర్వాత ఆర్మ్ ప్రపంచం డివైస్ ట్రీ వైపు గట్టిగా మళ్లింది. 64 బిట్ ఆర్మ్ సపోర్ట్ 2012 డిసెంబర్‌లో లినక్స్ 3.7తో వచ్చినప్పుడు మొదటి రోజు నుంచే డివైస్ ట్రీతో వచ్చింది.

డివైస్ ట్రీ అంటే కొత్త ఐడియా ఏమీ కాదు. సన్ కంపెనీ వర్క్‌స్టేషన్లు, ఆపిల్ పాత పవర్‌పీసీ మ్యాక్‌లు వాడిన ఓపెన్ ఫర్మ్‌వేర్ నుంచి వచ్చింది. సింపుల్‌గా చెప్పాలంటే అది హార్డ్‌వేర్‌కి ఇంటి పట్టా లాంటిది. అందులో ప్రోగ్రామ్ ఉండదు. "ఈ అడ్రస్‌లో ఈ చిప్ ఉంది, దాని ఇంటరప్ట్ వైరు అక్కడికి వెళ్తుంది" అనే వర్ణన మాత్రమే ఉంటుంది. ఈ టెక్స్ట్‌ని కంపైల్ చేసి చిన్న బైనరీగా మారుస్తారు. బూట్‌లోడర్ దాన్ని కెర్నల్ చేతిలో పెడుతుంది. కెర్నల్ చదువుకుని "ఓహో, నేను ఉన్నది ఈ ఇంట్లోనా" అనుకుంటుంది.

జీఐసీ: నంబర్ల లెక్క

ఆర్మ్ ఫోన్లలో అసలు పెద్ద గేట్‌కీపర్ పేరు జీఐసీ, జెనరిక్ ఇంటరప్ట్ కంట్రోలర్. దాని దగ్గర ప్రతి ఇంటరప్ట్‌కీ ఒక నంబర్ ఉంటుంది. 0 నుంచి 15 దాకా ఎస్‌జీఐలు: ఒక కోర్ ఇంకో కోర్‌ని పిలవడానికి. 16 నుంచి 31 దాకా పీపీఐలు: ప్రతి కోర్‌కీ సొంతంగా ఉండేవి, ఉదాహరణకి కోర్ లోపలి టైమర్. 32 నుంచి 1019 దాకా ఎస్‌పీఐలు: అందరికీ ఉమ్మడి. బయటి పరికరాలు చాలావరకు ఇక్కడికే వస్తాయి.

డివైస్ ట్రీలో జీఐసీ గురించి రాసేటప్పుడు మూడు సంగతులు చెప్తారు. ఒకటి, "ఇది ఇంటరప్ట్ కంట్రోలర్" అని ఒక ముద్ర. రెండు, అది మెమరీలో ఏ అడ్రస్ దగ్గర ఉంది. మూడు, "నా దగ్గరకి వచ్చేవాళ్లు తమ గురించి ఎన్ని అంకెలు చెప్పాలి" అనే లెక్క. దీన్ని ఇంటరప్ట్ సెల్స్ అంటారు. జీఐసీకి మామూలుగా మూడు.

ఆ మూడు అంకెలు ఇవి. మొదటిది రకం: 0 అంటే ఎస్‌పీఐ, 1 అంటే పీపీఐ. రెండోది నంబర్. మూడోది సిగ్నల్ తీరు: 1 అంటే వోల్టేజ్ కింద నుంచి పైకి లేచిన క్షణం, 4 అంటే పైన ఉన్నంతసేపూ.

ఇక్కడ ట్విస్ట్ ఏంటంటే, రెండో అంకె జీఐసీ అసలు నంబర్ కాదు. ఎస్‌పీఐలు 32 దగ్గర మొదలవుతాయి కదా, కానీ డివైస్ ట్రీలో వాటిని మళ్లీ 0 నుంచి లెక్కపెడతారు. చిప్ మాన్యువల్‌లో 240 అని ఉంటే ఇక్కడ 208 రాయాలి. 32 తీసేయాలి. పీపీఐ అయితే 16 తీసేయాలి. అది మర్చిపోయి మాన్యువల్ నంబర్ అలాగే దించేస్తే, కంపైలర్ ఏమీ అనదు, ఫోన్ బూట్ అవుతుంది, ఆ పరికరం మాత్రం మూగబోతుంది. ఎందుకంటే కెర్నల్ వేరే తలుపు దగ్గర కాపలా కాస్తోంది.

గొలుగొండ అర్జీ లెక్క

ఇప్పుడు అసలైన భాగం. ఫోన్‌లో ఇంటరప్ట్ కంట్రోలర్ ఒక్కటే ఉండదు, ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా ఉంటాయి. దీనికి మన దగ్గర మంచి ఉదాహరణ ఉంది.

గొలుగొండ మండలంలో ఒకాయన గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టాడు అనుకోండి. అక్కడి రిజిస్టర్‌లో ఇన్‌వర్డ్ నంబర్ 31 వేశారు. అది తహసీల్దార్ ఆఫీసుకి వెళ్తే అక్కడ వేరే నంబర్. నర్సీపట్నం ఆర్డీవో ఆఫీసుకి వస్తే ఇంకో నంబర్. అనకాపల్లి కలెక్టరేట్‌కి వెళ్తే మరో నంబర్. అర్జీ ఒకటే, ప్రతి ఆఫీసులో నంబర్ వేరు. కలెక్టరేట్‌కి వెళ్లి "నాది 31" అంటే ఎవరికీ అర్థం కాదు. "ఏ ఆఫీసులో 31?" అని అడుగుతారు.

డివైస్ ట్రీలో "ఇంటరప్ట్ పేరెంట్" అనే మాట జవాబిచ్చేది సరిగ్గా ఈ ప్రశ్నకే. నంబర్ ఒక్కటే చెప్తే చాలదు, ఏ ఆఫీసు నంబరో చెప్పాలి.

స్నాప్‌డ్రాగన్ 845 లెక్క చూద్దాం. ఈ చిప్‌కి 150 జీపీఐఓ పిన్‌లు ఉన్నాయి. టచ్ చిప్ వైరు వాటిలో ఒకదానికి వస్తుంది, 31వ పిన్ అనుకుందాం. ఈ పిన్‌లని చూసుకునే బ్లాక్ పేరు టీఎల్ఎంఎం. అది కూడా ఒక ఇంటరప్ట్ కంట్రోలరే, మన మండలాఫీసు అన్నమాట. దానికి సెల్స్ రెండే: ఏ పిన్, ఏ తీరు. మరి ఈ టీఎల్ఎంఎం నుంచి పై ఆఫీసుకి ఎన్ని వైర్లు? ఆ పిన్‌లన్నిటికీ కలిపి ఒక్కటే ఉమ్మడి లైను. డివైస్ ట్రీలో అది ఎస్‌పీఐ 208 అని ఉంటుంది. అంటే జీఐసీ దగ్గర 240.

మీ వేలు తగిలింది. టీఎల్ఎంఎం 31వ పిన్ కదిలింది. అది పైకి 208వ లైను ఎత్తింది. జీఐసీ ఒక కోర్‌ని తట్టి "240" అంది. ఇక్కడి నుంచి తిరుగు ప్రయాణం. కెర్నల్ తన పుస్తకం తీసి "240 అంటే టీఎల్ఎంఎం" అనుకుంటుంది, టీఎల్ఎంఎంని "మీ పిన్‌లలో ఎవరు?" అని అడుగుతుంది, "31" అని తెలిశాక టచ్ డ్రైవర్‌ని లేపుతుంది. ప్రతి కంట్రోలర్‌కీ కెర్నల్ పెట్టుకునే ఈ పుస్తకాన్ని ఐఆర్‌క్యూ డొమైన్ అంటారు. ఈ పుస్తకాలు నిండేది ఎక్కడి నుంచి? డివైస్ ట్రీ నుంచే.

అందరూ పడుకున్నాక వాచ్‌మన్

స్క్రీన్ ఆపి ఫోన్ జేబులో పెట్టారు. గాఢ నిద్రలో పవర్ ఆదా కోసం జీఐసీకి కూడా కరెంట్ తీసేస్తారు. గేట్‌కీపరే పడుకుంటే పవర్ బటన్ నొక్కింది ఎవరికి తెలియాలి?

దానికి క్వాల్‌కామ్ చిప్‌లలో పీడీసీ, పవర్ డొమైన్ కంట్రోలర్ అని ఇంకో చిన్న ఇంటరప్ట్ కంట్రోలర్ ఉంటుంది. దానికి ఎప్పుడూ కరెంట్ ఉంటుంది. రాత్రి వాచ్‌మన్ లాగా, ముఖ్యమైన కొన్ని వైర్లని మాత్రం గమనిస్తూ ఉంటుంది. 845 డివైస్ ట్రీలో దీని గురించి మూడేసి అంకెల వరసలు ఉంటాయి. మొదటి వరస: 0, 480, 94. అంటే "నా 0వ వైరు జీఐసీలో ఎస్‌పీఐ 480తో సమానం, అక్కడి నుంచి వరసగా 94 వైర్లు ఇదే లెక్క."

పవర్ బటన్ నేరుగా ప్రాసెసర్‌కి ఉండదు, పవర్ మేనేజ్‌మెంట్ చిప్‌కి ఉంటుంది. ఆ చిప్ కబురు జీఐసీకి వచ్చేది ఎస్‌పీఐ 481 మీద. పై లెక్క ప్రకారం పీడీసీలో అది 1వ వైరు. ఈ వరసలో ఒక్క అంకె తేడా వచ్చిందనుకోండి, వాచ్‌మన్ ఒక ఇంటి బెల్లు విని పక్కింటివాళ్లని లేపుతాడు. బటన్ నొక్కినా ఫోన్ లేవదు. లేదా ఊరికే లేస్తూ ఉంటుంది, పొద్దున చూసేసరికి బ్యాటరీ సున్నా.

మిస్డ్ కాల్, మామూలు కాల్

మూడో అంకె, సిగ్నల్ తీరు, చిన్నదే కానీ బాగా ఏడిపిస్తుంది. ఎడ్జ్ అంటే మిస్డ్ కాల్. ఒక్కసారి మోగి ఆగిపోతుంది. ఆ క్షణంలో గమనించి గుర్తుపెట్టుకుంటేనే తెలుస్తుంది. లెవెల్ అంటే ఎత్తేదాకా మోగే కాల్. పని పూర్తిచేసి, పరికరానికి "సరే, చూశాను" అని చెప్తే తప్ప ఆగదు.

లెవెల్ పరికరాన్ని ఎడ్జ్ అని రాస్తే ఏమవుతుంది? మొదటి పిలుపు ఇంకా తేలకముందే రెండో పని వచ్చిందనుకోండి, వైరు కిందకి దిగనే లేదు కాబట్టి కొత్తగా "పైకి లేచిన క్షణం" ఉండదు. కెర్నల్‌కి కబురు రాదు. టచ్ కాసేపు పనిచేసి సడన్‌గా బిగుసుకుపోతుంది. ఇంకో రకం తప్పు చూడండి: పరికరం పిలవడానికి వైరుని కిందకి లాగుతుంది, మిగతా టైమ్ అంతా పైనే ఉంచుతుంది. దాన్ని "పైన ఉంటే పిలుపు" అని రాస్తే, ఎవరూ పిలవకపోయినా లైను మోగుతూనే ఉంటుంది. డ్రైవర్ వెళ్లి చూస్తే అక్కడ ఏ పనీ ఉండదు, "నాది కాదు" అని వచ్చేస్తుంది, మళ్లీ మోగుతుంది. లినక్స్‌లో దీనికి ఒక రక్షణ ఉంది: ఒక లైను మీద వచ్చిన 1,00,000 పిలుపుల్లో 99,900 ఎవరూ పట్టించుకోనివి అయితే, కెర్నల్ లాగ్‌లో "నోబడీ కేర్డ్" అని రాసి ఆ లైను మూసేస్తుంది. సిస్టమ్ బతుకుతుంది, ఆ పరికరం మాత్రం పోతుంది.

గమనించండి, ఈ కేసుల్లో చిప్ పాడవలేదు, వైరు తెగలేదు. వర్ణన తప్పు, అంతే.

ఒకే ఫోన్, రెండు ఫైళ్లు

మళ్లీ పోకో ఎఫ్1కి వద్దాం. లినక్స్ సోర్స్‌లో ఈ ఫోన్‌కి డివైస్ ట్రీ ఫైల్ ఒకటి కాదు, రెండు ఉన్నాయి. ఎందుకంటే కంపెనీ ఒకే మోడల్‌ని రెండు రకాల డిస్‌ప్లేలతో అమ్మింది: కొన్నింటిలో టియాన్మా ప్యానెల్, కొన్నింటిలో ఈబీబీజీ ప్యానెల్. ప్యానెల్‌తో పాటు టచ్ చిప్ కూడా వేరు: ఒకదానిలో నోవాటెక్, ఇంకోదానిలో ఫోకల్‌టెక్. బాక్స్ మీద పేరు ఒకటే, కొన్నవాడికి తేడా తెలీదు. కానీ కెర్నల్‌కి తెలియాలి, లేకపోతే టచ్ పనిచేయదు.

ఇలాంటి వివరం ఎక్కడో ఒక కంపెనీ ఇంజినీర్ కంప్యూటర్‌లోనే ఉండిపోతే, ఆ కంపెనీ ఆసక్తి పోయిన రోజు ఫోన్ సాఫ్ట్‌వేర్ ఆయుష్షు కూడా అయిపోతుంది. అదే అందరికీ కనబడే చోట, సరైన పద్ధతిలో రాసి ఉంటే, కెర్నల్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ ఫోన్ కూడా దానితో పాటు నడవగలదు. మన ఊళ్లలో చదువుకునే పిల్లలకి ఇంట్లో వచ్చే మొదటి కంప్యూటర్ చాలాసార్లు ఇలాంటి పాత ఫోనే. కాబట్టి ఇది కేవలం ఇంజినీర్ల గొడవ కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. డివైస్ ట్రీ ఒక్కటే ఉంటే అన్నీ పనిచేస్తాయని కాదు. ప్రతి చిప్‌కీ డ్రైవర్ కావాలి, కెమెరా లాంటివి చాలా కష్టం. మీరు రోజూ వాడే ఫోన్ మీద, అందులో యూపీఐ, ఫోటోలు ఉన్న ఫోన్ మీద ఈ ప్రయోగాలు చేయకండి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే మామూలుగా డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

రూపాయి ఖర్చు లేకుండా చూడాలంటే

లినక్స్ ఉన్న ఏ ల్యాప్‌టాప్‌లోనైనా టెర్మినల్ తెరిచి, ప్రాక్ ఫోల్డర్‌లో ఇంటరప్ట్స్ అనే ఫైల్ చూడండి. ఏ లైను, ఏ కంట్రోలర్, ఏ కోర్‌కి ఎన్నిసార్లు పిలిచిందో వరసగా కనిపిస్తుంది. ఫోన్లలో మాత్రం కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లు రూట్ లేకుండా చాలావరకు దీన్ని చూడనివ్వవు.

ఆర్మ్ డివైస్ ట్రీ చూడాలంటే క్యూఈఎంయూ అనే ఉచిత ఎమ్యులేటర్ చాలు. 64 బిట్ ఆర్మ్ వెర్షన్‌లో "వర్ట్" అనే మెషిన్ ఎంచుకుని, దానికి డంప్‌డీటీబీ అనే ఆప్షన్ ఇస్తే తన డివైస్ ట్రీని ఒక ఫైల్‌గా రాసి ఇస్తుంది. డీటీసీ అనే టూల్‌తో దాన్ని తిరిగి టెక్స్ట్‌గా మార్చండి. అంకెలు హెక్సాలో ఉంటాయి, కంగారు పడకండి. అందులో పీఎల్011 అనే సీరియల్ పోర్ట్ వెతకండి. దాని ఇంటరప్ట్ లైనులో 0, 1, 4 అని ఉంటుంది.

ఇప్పుడు మీరే చదవండి. 0 అంటే ఎస్‌పీఐ. 1 అంటే ఎస్‌పీఐలలో ఒకటో నంబర్, 32 కలిపితే జీఐసీలో 33. 4 అంటే వైరు పైన ఉన్నంతసేపూ పిలుస్తున్నట్టే. అరగంట ముందు ఇవి మూడు అంకెలు. ఇప్పుడు ఒక వైరు ఎక్కడ మొదలై, ఎవరి గుమ్మం దగ్గర, ఎలా తలుపు తడుతుందో కనబడుతోంది కదా.

హైదరాబాద్, బెంగళూరుల్లో చిప్ కంపెనీల బోర్డ్ సపోర్ట్ టీమ్‌లు రోజూ చేసే పనుల్లో ఇదొకటి. లినక్స్‌కి పంపే డివైస్ ట్రీ మార్పులన్నీ బహిరంగంగానే రివ్యూ అవుతాయి. ఎవరు ఏం అడిగారు, ఏ అంకె ఎందుకు మార్చమన్నారు, మొత్తం చదువుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. బీటెక్ సెకండియర్ వాళ్లు 8259 పరీక్ష అయిపోయాక పుస్తకం మూసేయకుండా, ఆ రివ్యూలు నాలుగు చదివి చూడండి. క్యాస్కేడింగ్ అని మనం బట్టీ పట్టింది టీఎల్ఎంఎం, జీఐసీ రూపంలో మళ్లీ కనిపిస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో టైమర్ ఇంటరప్ట్ తీసుకుందాం: ఎనిమిది కోర్లకీ ఒకటే నంబర్ ఉన్నా, ఒకరి పిలుపు ఇంకొకరికి ఎందుకు వెళ్లదు అని. అప్పటిదాకా క్యూఈఎంయూలో 0, 1, 4 వెతికి పట్టుకోండి. ఉంటాను ఫ్రెండ్స్.